రోమ్‌లో మార్గుత్తా వీధి: గుమ్మం నంబర్ల వెంట ఒక పూట నడక

చిత్రకారుల వీధిగా పేరుపడ్డ మార్గుత్తా వీధి పొడవు అర కిలోమీటరు కూడా ఉండదు. మామూలుగా నడిస్తే అయిదారు నిమిషాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోతారు. రోమ్ వెళ్లిన మనవాళ్లు చాలామంది చేసేది అదే. కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ అన్నీ చూశాక, ఇంకో గంట మిగిలితే అటు వెళ్లి, రెండు ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. మొదటిసారి నేనూ అంతే చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు ఒక పూటంతా ఆ వీధికే ఇచ్చాను. అప్పుడు గానీ అది నాకు దొరకలేదు. అందుకే ఆ పూటను ఎలా గడపాలో వరసగా చెబుతాను.

ముందు ఒక కిటుకు తెలుసుకోండి. రోమ్ పాత వీధుల్లో ఇళ్ల నంబర్లు మన ఊళ్లలోలా గజిబిజిగా ఉండవు, సరి సంఖ్యలు ఒక పక్క, బేసి సంఖ్యలు ఇంకో పక్క అన్న లెక్కా ఉండదు. ఒకటో నంబరుతో ఒక వైపు మొదలై, చివరిదాకా వరసగా వెళ్లి, అక్కడ వీధి దాటి, రెండో వైపు నుంచి వెనక్కి వస్తాయి. మార్గుత్తాలోనూ అంతే. వీధి పక్కనే ఉన్న పించో కొండ వైపు గోడ వెంట నంబర్లు పెరుగుతూ వీధి చివరిదాకా వెళ్తాయి. తర్వాత ఎదుటి వైపు నుంచి పెరుగుతూ 118 దగ్గర మళ్లీ మొదటికే వస్తారు. మీరూ అలాగే నడవండి. వెళ్లేటప్పుడు ఎడమ చేతి గోడ, వచ్చేటప్పుడు దాని ఎదుటి గోడ. వీధి మధ్యలో నడిస్తే రెండు వైపులా చూసినట్టే ఉంటుంది గానీ ఏదీ సరిగ్గా చూడరు.

ఏ రోజు వెళ్లాలి

మంగళవారం నుంచి శనివారం మధ్య ఏదో ఒక ఉదయం పెట్టుకోండి. రోమ్‌లో చిన్న దుకాణాలు చాలావరకు సోమవారం ఉదయం తెరవరు. ఆదివారం గ్యాలరీలు మూసి ఉండొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే పనివాళ్లు షట్టర్ దించి భోజనానికి పోతారు, మళ్లీ మూడున్నర, నాలుగు దాకా రారు. ఆగస్టులో మాత్రం ఈ వీధి కోసం ప్రత్యేకంగా వెళ్లకండి. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద పండగ. దానికి అటూ ఇటూ ఊరు ఊరంతా సెలవుల మీద పోతుంది. మూసిన తలుపులు, మాడ్చే ఎండ తప్ప ఏమీ ఉండవు.

ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా బాగుంటుంది. వసంతంలోనూ, శరత్తులోనూ కొన్ని రోజుల పాటు 'మార్గుత్తా వంద మంది చిత్రకారులు' పేరుతో వీధి పొడవునా బొమ్మల ప్రదర్శన పెడతారు. చిత్రకారులే తమ బొమ్మల పక్కన కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, వాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు. తారీఖులు ఏటా మారతాయి కాబట్టి టికెట్లు బుక్ చేసే ముందే ఒకసారి చూసుకోండి. అయితే జనం ఎక్కువగా ఉంటారు. వీధి నిశ్శబ్దం కావాలనుకుంటే ప్రదర్శన లేని రోజే నయం. నాకైతే ఆ నిశ్శబ్దమే ఇష్టం.

ఎలా చేరుకోవాలి

టెర్మినీ స్టేషన్ నుంచి మెట్రో 'A' లైన్‌లో బట్టిస్తీనీ వైపు వెళ్లే రైలు ఎక్కండి. నాలుగో స్టేషన్ ఫ్లమీనియో, అక్కడ దిగండి. దానికి ముందు వచ్చే స్పాన్యాలో దిగినా వీధి దగ్గరే, కానీ తప్పు చివర నుంచి మొదలుపెట్టినట్టవుతుంది. ఈ లైన్‌లో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టు హోటల్లోనే పెట్టి, దాని కాపీ దగ్గర ఉంచుకోండి. బ్యాగు ముందు వైపు వేసుకోండి. ఆపైన టెన్షన్ పడక్కర్లేదు.

చెప్పుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోమ్ పాత వీధులన్నీ నల్లటి చిన్న చిన్న రాళ్లతో పరిచి ఉంటాయి. వాటిని సాంపియెత్రీనీ అంటారు. పైభాగం గుండ్రంగా అరిగి ఉంటుంది, రాళ్ల మధ్య సందులుంటాయి. మడమ చెప్పులు వేసుకుంటే పది నిమిషాల్లో కాళ్లు లాగేస్తాయి. మెత్తటి, మందపాటి అడుగున్న బూట్లే వేసుకోండి. ఒక ఖాళీ సీసా కూడా పెట్టుకోండి. ఊళ్లో చాలాచోట్ల ముక్కులాంటి గొట్టంతో ఇనప కొళాయిలు ఉంటాయి, నీళ్లు రోజంతా పారుతూనే ఉంటాయి, తాగే నీళ్లే. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు.

వీధిలోకి వెళ్లే ముందు, కూడలి

ఫ్లమీనియో స్టేషన్ బయట పెద్ద కోట ద్వారం కనిపిస్తుంది. అదే పోపోలో ద్వారం. దాని గుండా లోపలికి, పోపోలో కూడలిలోకి నడవండి. రైళ్లు లేని రోజుల్లో ఉత్తరాది దేశాల నుంచి రోమ్‌కు వచ్చే యాత్రికులు ఊళ్లోకి అడుగుపెట్టింది ఇక్కడి నుంచే. డచ్ వాళ్లు, ఫ్లెమిష్ వాళ్లు, జర్మన్లు, ఫ్రెంచి వాళ్లు, కుంచెలూ రంగులూ మూట కట్టుకుని వచ్చిన వాళ్లంతా ఈ చుట్టుపక్కలే అద్దెకు గదులు వెతుక్కున్నారు. మార్గుత్తా వీధి కథ మొదలయ్యేది ఈ ద్వారం దగ్గరే. అందుకే నడక కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటున్నాను.

కూడలి మధ్యలో ఉన్న రాతి స్తంభం ఈజిప్టుది. సుమారు 24 మీటర్ల ఎత్తు. దాన్ని క్రీస్తు పూర్వం 10లో అగస్టస్ చక్రవర్తి హెలియోపొలిస్ నుంచి తెప్పించాడు. ఈ కూడలిలో నిలబెట్టింది 1589లో. ఒక చుట్టు చుట్టి చూడండి, చాలు.

కానీ ద్వారం పక్కనే ఉన్న శాంటా మరియా డెల్ పోపోలో చర్చిని మాత్రం వదలకండి. ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. ప్రధాన పీఠానికి ఎడమ పక్కన ఉన్న చిన్న గదిలో ఎదురెదురు గోడల మీద ఇటాలియన్ చిత్రకారుడు కారవాజ్జో గీసిన రెండు బొమ్మలున్నాయి. 1600, 1601 ప్రాంతంలో గీసినవి. ఒకదాంట్లో పౌలు గుర్రం మీద నుంచి నేల మీద పడి చేతులు చాచి ఉంటాడు. బొమ్మలో సగానికి పైగా ఆక్రమించింది ఆ గుర్రమే. రెండోదాంట్లో పీటర్‌ను తలకిందులుగా శిలువ వేస్తుంటారు. శిలువ ఎత్తే కూలివాడి మాసిన పాదాలు మన కళ్లకు ఎదురుగా ఉంటాయి. చర్చి గోడ మీద మట్టి కాళ్లు గీసిన మనిషిని చూశాక, ఆ తర్వాతి తరం చిత్రకారులు వీధిలోని మామూలు మనుషుల వైపు ఎందుకు తిరిగారో ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లలో పీటర్ వాన్ లార్ అనే డచ్ చిత్రకారుడు 17వ శతాబ్దంలో మార్గుత్తా వీధిలోనే ఉన్నాడు. బిచ్చగాళ్లు, గుర్రాలకు నాడాలు కొట్టేవాళ్లు, తినుబండారాలు అమ్మేవాళ్లు, ఇవే అతని బొమ్మలు.

కొండ వైపు గోడ

కూడలి నుంచి మూడు వీధులు చీలుతాయి. ద్వారానికి వీపు పెట్టి నిలబడితే ఎడమ చివరది బాబుయీనో వీధి. అందులోకి వెళ్లి కొంచెం నడిచాక ఎడమ చేతి వైపు ఒక చిన్న మలుపు వస్తుంది. అందులోకి తిరగగానే వెనక మోటార్ల మోత తగ్గిపోతుంది. మార్గుత్తాలోకి వచ్చేశారన్నమాట.

ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూడండి. మీ ఎడమ వైపు ఇళ్ల వెనక పించో కొండ ఉంది. కుడివైపు ఇళ్లకు ముఖద్వారాలు బాబుయీనో వీధి వైపు ఉంటాయి, మార్గుత్తా వాటికి పెరటి వీధి. ఒకప్పుడు ఇక్కడ గుర్రపు సాలలు, బండ్ల కొట్లు, రాతి పనివాళ్ల పాకలు ఉండేవి. అద్దె తక్కువ, చోటు ఎక్కువ. పెద్ద శిల్పం చెక్కాలన్నా, పెద్ద బొమ్మ గీయాలన్నా అలాంటి చోటే కావాలి. ఆ తర్వాత 19వ శతాబ్దంలో పత్రీత్సి వంశం వాళ్లు కొండవాలులో చిత్రకారుల కోసమే స్టూడియోలు కట్టించారు. పై అంతస్తుల్లో కొన్ని కిటికీలు మామూలు ఇళ్లకు ఉండేవాటి కంటే ఎన్నో రెట్లు పెద్దవిగా కనిపిస్తాయి, వెలుగు కోసం. అలాంటి కిటికీ కనిపించిన ప్రతిచోటా లోపల ఎవరో ఎప్పుడో బొమ్మ గీసి ఉంటారని అనుకోవచ్చు.

ఇక ఈ వైపు నడకలో అసలు పని లోగిళ్లు చూడటం. పెద్ద చెక్క తలుపులు కొన్ని తెరిచి ఉంటాయి. లోపల రాళ్లు పరిచిన వాకిలి, గోడలంతా పాకిన తీగలు, మట్టి కుండీల్లో మొక్కలు, కొండ మీదికి మెట్లు మెట్లుగా పోయే ఇళ్లు కనిపిస్తాయి. వీధిలోంచి చూస్తే సన్నగా కనబడే ఈ చోటు లోపలికి ఎంత లోతుగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

అయితే అవి జనం కాపురముండే ఇళ్లు. మొదటిసారి నేను ఒక తెరిచిన గేటులోంచి ఫోన్ పైకెత్తుకునే లోపలికి వెళ్లిపోయాను. మొక్కలకు నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడ నీళ్ల డబ్బా కింద పెట్టి, ఏమీ అనకుండా నా వైపే చూస్తూ నిలబడింది. నేను ఫోన్ జేబులో పెట్టుకుని 'పెర్మెస్సో' అన్నాను. లోపలికి రావచ్చా అని అర్థం. ఆవిడ తల ఊపి, మెట్ల పైనున్న పాత స్టూడియో కిటికీని వేలితో చూపించి మళ్లీ తన పనిలో పడింది. అందుకే గడప దగ్గరే ఆగండి. ఎవరైనా కనిపిస్తే ముందు 'బువోంజోర్నో' అనండి, తర్వాత 'పెర్మెస్సో' అనండి. ఎవరూ లేకపోతే గుమ్మంలోంచి చూసి వచ్చేయండి. మూసి ఉన్న తలుపు తోయకండి.

51వ నంబరు దగ్గర నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని ఉంటారు. 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' సినిమాలో కథానాయకుడైన విలేకరి గది ఉన్నది ఈ చిరునామాలోనే. సినిమా చూసిన వాళ్లకు ఆ వాకిలి, ఆ మెట్లు చూస్తే ముచ్చటగా ఉంటుంది. చూడని వాళ్లు రెండు గుమ్మాలు ముందుకు వెళ్లండి, అక్కడే అసలు సంగతి ఉంది.

53 నంబర్ల దగ్గర ఉన్నవే పత్రీత్సి స్టూడియోలు. 1917 ఫిబ్రవరిలో పికాసో రోమ్ వచ్చాడు. దియాగిలేవ్ రష్యన్ బాలే బృందం కోసం 'పరాద్' అనే నృత్యరూపకానికి తెర, దుస్తులు తయారుచేయాలి. అప్పటికి యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ పని కోసం అతను తీసుకున్న స్టూడియో ఇక్కడిదే. ఆ బృందంలో నాట్యం చేసే ఓల్గా ఖోఖ్లోవాను కలిసింది కూడా ఈ రోమ్ ప్రయాణంలోనే, మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నారు. వచ్చే దారి, పైనున్న కిటికీ, ఎదురుగా కొండ... అంతే ఉంటుంది ఇక్కడ. మ్యూజియం ఏమీ లేదు. అయినా నాకు పారిస్‌లో చూసిన పికాసో గదుల కంటే ఈ గుమ్మమే ఎక్కువ గుర్తుంది.

ఇదే నంబర్ల దగ్గర చలువరాయి పలకల మీద అక్షరాలు చెక్కే చిన్న కొట్టు ఒకటి ఉంది. తెరిచి ఉంటే లోపలికి వెళ్లండి. గోడల నిండా సామెతలు, చమత్కారాలు చెక్కిన పలకలు వేలాడుతుంటాయి. మీకు కావాల్సిన మాట కాగితం మీద రాసిస్తే చెక్కి ఇస్తారు. తెలుగులో పేరు చెక్కించుకోవాలనుకుంటే అక్షరాలు పెద్దగా, విడివిడిగా రాసి తీసుకెళ్లండి. మన వొత్తులు, గుడులు వాళ్లకు కొత్త.

ఆ తర్వాత కళల ఫౌంటెన్. 1927లో పియెత్రో లొంబార్దీ చేసింది. పెద్దది కాదు, వెతుక్కోవాలి. చలువరాతి పీఠం మీద రెండు ముఖాలు, ఒకటి నవ్వుతూ, ఒకటి దిగులుగా, రెండింటి నోళ్ల నుంచీ నీళ్లు కారుతుంటాయి. చిత్రకారుల పీటలు, బొమ్మ నిలబెట్టే చట్రాలు రాతిలో చెక్కి ఉంటాయి. అన్నిటికంటే పైన కుంచెలు నింపిన బకెట్. రోమ్‌లో పోప్‌ల పేర్లతో, దేవుళ్ల పేర్లతో ఫౌంటెన్లు ఎన్నో ఉన్నాయి. పనిముట్లకు కట్టిన ఫౌంటెన్ ఇది. దగ్గరికి వెళ్లి ఆ కుంచెల వెంట్రుకలు చూడండి, నీటి ధారలకు పైన ఉండి ఇంకా గీతలు తెలుస్తూనే ఉంటాయి.

ఒక కొట్టు ముందు పావుగంట

వీధి చివరకు చేరేలోపు ఏదో ఒక పనిచేసే కొట్టు ముందు పావుగంట నిలబడండి. గ్యాలరీలు, నగల దుకాణాలు పెరిగాయి, పనివాళ్లు తగ్గారు. అద్దెలు అలా ఉన్నాయి. అది తలచుకుంటే మనసు కష్టంగా ఉంటుంది. అందుకే ఉన్నవాళ్ల దగ్గర ఆగండి. పాత బొమ్మలు బాగుచేసేవాళ్లు, పటాలకు చట్రాలు కట్టేవాళ్లు.

నేను చూసింది చట్రానికి బంగారు రేకు అద్దడం. చెక్క మీద సుద్ద పూత, దాని మీద ఎర్రమట్టి పూత. రేకు ఎంత పల్చగా ఉంటుందంటే, చేత్తో తాకితే చెదిరిపోతుంది. ఆ పని చేస్తున్నాయన వెడల్పాటి కుంచెను తన చెంప మీద ఒకసారి రాసుకుని, ఆ కొద్దిపాటి జిడ్డుతో రేకును ఎత్తి, తడి చేసిన ఎర్రమట్టి మీద పెట్టాడు. రేకు తనంతట తానే అతుక్కుపోయింది. ఆ సేపు ఊపిరి కూడా బిగపట్టుకున్నాడు, నేనూ బిగపట్టాను. ఆరాక నున్నటి రాయితో రుద్దితే మెరుపు వస్తుందట. ఫోటో తీసుకోవాలంటే 'పొస్సో ఫారే ఊనా ఫోటో?' అని అడగండి. రేకు గాల్లో ఉన్నప్పుడు మాత్రం అడగకండి, తలుపు కూడా తీయకండి.

ఎదుటి గోడ వెంట వెనక్కి

చివర దాకా వెళ్లాక వీధి దాటి తిరిగి రండి. ఈ వైపు తొందరగా అయిపోతుంది. ఎక్కువ భాగం గ్యాలరీలే. నచ్చినదాంట్లోకి వెళ్లి ఊరికే చూసి వచ్చినా ఎవరూ ఏమనుకోరు. 110వ నంబరు దగ్గర ఆగండి. దర్శకుడు ఫెడెరికో ఫెల్లినీ, ఆయన భార్య, నటి జూలియెత్తా మసీనా ఉన్న ఇల్లు అది. 1993 అక్టోబర్ 31న ఆయన పోయారు, అయిదు నెలలు తిరక్కుండానే ఆవిడా పోయారు. గోడ మీద పలక ఉంది.

బొమ్మ కొనాలనిపిస్తే కొన్ని జాగ్రత్తలు. గ్యాలరీలో బేరం మన బజారులోలా చేయరు, 'ఇంకేమైనా తగ్గుతుందా' అని ఒక్కసారి అడిగి ఊరుకోవాలి. కాన్వాస్ అయితే చట్రం నుంచి తీయించి, రంగు వేసిన వైపు బయటికి ఉండేలా చుట్టించండి. లోపలికి చుడితే రంగు నలిగి పగుళ్లు వస్తాయి. 70 ఏళ్లు దాటిన పాతది కొంటే దేశం దాటించడానికి కాగితాలు కావాలి, అవి అమ్మేవాళ్ల దగ్గరే అడిగి తీసుకోండి. యూరప్ బయట ఉండేవాళ్లకు ఒక దుకాణంలో కొన్నది 70 యూరోలు దాటితే పన్ను వెనక్కి వస్తుంది. దుకాణంలోనే ఫారం అడగాలి, ఎయిర్‌పోర్టులో గుర్తుకొస్తే లాభం లేదు.

118కి వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది. శాకాహారులకు ఇది అదృష్టమే అనాలి. ఆ నంబరులో ఉన్న 'ఇల్ మార్గుత్తా' పూర్తి శాకాహార రెస్టారెంట్, 1979 నుంచి నడుస్తోంది. ఖరీదు కొంచెం ఎక్కువే, కానీ ఏం వేశారోనన్న అనుమానం లేకుండా తినొచ్చు. బయట తినేటప్పుడు గుర్తుంచుకోండి: కార్బొనారా, అమత్రిచానా పాస్తాల్లో పంది మాంసం ఉంటుంది. సుప్లీ అనే అన్నం ఉండల్లో కూడా మాంసం కూర కలుపుతారు. జున్ను, మిరియాలతో చేసే 'కాచో ఎ పెపే' మన నాలుకకు బాగా నచ్చుతుంది. మిరియం ఘాటు సరిగ్గా తగులుతుంది. కాకపోతే ఆ జున్ను తయారీలో జంతువుల నుంచి తీసిన పదార్థం వాడతారు, నియమంగా ఉండేవాళ్లు టమాటా, వెల్లుల్లితో చేసే మరినారా పిజ్జా తీసుకోవడం మేలు.

కాఫీ బార్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే వేరే ధర. కాళ్లు నొప్పి పుట్టి కూర్చోవాలనుకుంటే బాబుయీనో వీధిలో కనోవా తదోలినీ స్టూడియోలో కూర్చోండి. శిల్పి కనోవా 1818లో తన శిష్యుడు అదామో తదోలినీకి ఇప్పించిన చోటు. నాలుగు తరాలు అక్కడే శిల్పాలు చెక్కారు. ఇప్పుడు కాఫీ తాగే బల్లలకు ఆనుకుని నిలువెత్తు సుద్ద విగ్రహాలు ఉంటాయి. రెట్టింపు డబ్బులు పెట్టినా బాధ అనిపించదు.

కొండ మీద నుంచి

తిన్నాక పోపోలో కూడలికి వెళ్లి, తూర్పు వైపు మెట్ల దారిన పించో కొండ ఎక్కండి. పావుగంట పడుతుంది, మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కొచ్చు. పైన చెట్ల నీడ, బెంచీలు ఉన్నాయి. అక్కడి నుంచి దక్షిణంగా ట్రినిటా డే మోంటి చర్చి వైపు వెళ్లే రోడ్డు పట్టుకోండి. దారిలో ఎడమ చేతి వైపు మెదీచీ భవనం వస్తుంది. 1803 నుంచి ఫ్రెంచి అకాడమీ ఉన్నది అందులోనే, ఫ్రాన్స్ నుంచి ఎంపికైన కళాకారులు అక్కడ ఉండి పనిచేసుకుంటారు.

చర్చి ముందు నుంచి దిగేవే స్పానిష్ మెట్లు, 1723 నుంచి 1725 మధ్య కట్టారు. వాటి మీద కూర్చోకండి, 2019 నుంచి జరిమానా వేస్తున్నారు. దిగేటప్పుడు ఎడమ వైపు కింద ఉన్న ఇంట్లోనే 1821 ఫిబ్రవరి 23న ఆంగ్ల కవి కీట్స్ క్షయతో చనిపోయాడు, అప్పటికి 25 ఏళ్లు. ఇప్పుడది కీట్స్, షెల్లీల పేరిట మ్యూజియం. కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్న మనం ఆ గుమ్మం ముందు నుంచి ఊరికే వెళ్లిపోవడం నాకు బాగనిపించదు. ఓపిక ఉంటే టికెట్ కొని ఆ చిన్న గది చూసి రండి. స్పాన్యా మెట్రో మెట్లు దిగాక కుడివైపు, రెండు నిమిషాల దూరం.

కానీ మెట్లు దిగే ముందు, పైన రోడ్డు మీద ఉన్నప్పుడే, కుడి చేతి వైపు పిట్టగోడ దగ్గర ఒకసారి ఆగండి. కింద కొండవాలుకు ఆనుకుని ఎర్రటి పెంకుల కప్పులు, డాబాల మీద కుండీలు కనిపిస్తాయి. పొద్దున మీరు గడప దగ్గర నిలబడి చూసిన లోగిళ్లు అటువైపే ఉన్నాయి. ఆ కప్పుల మధ్య ఎక్కడైనా పెద్ద అద్దాల కిటికీ కనిపిస్తుందేమో వెతకండి.